రీస్టార్ట్ చేయించే ముందు ఆ అంకెలు చూడండి

అమెరికాలోని కేబుల్ ఇంటర్నెట్ కస్టమర్లకు హైదరాబాద్‌లో రాత్రంతా మేలుకుని ఫోన్లోనూ చాట్‌లోనూ జవాబు చెప్పే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మీ టీం లీడ్‌లకు, మీ చేతికి స్క్రిప్ట్ రాసిచ్చే పెద్దలకు,

నమస్కారం.

నేను డాలస్ శివార్లలో ఉంటాను. నెట్‌వర్క్ పనిలో ఉన్నాను. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో నెట్ ఆగిపోతే వాళ్లు ముందు మీకు ఫోన్ చేస్తారు, తగ్గకపోతే నాకు చేస్తారు. మీరు వాళ్లకి ఏం చెప్పారో, ఆ తర్వాత ఏం జరిగిందో రెండూ నాకు తెలుస్తుంటాయి. ఎక్కడ సాయం అందుతోందో, ఎక్కడ అందీ అందకుండా జారిపోతోందో కళ్లారా చూస్తున్నాను కాబట్టే ఈ ఉత్తరం. మనం మనం మాట్లాడుకునే భాషలో రాస్తే మీలో కొందరైనా బ్రేక్‌లో చదువుతారని తెలుగులో రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. నెట్ పూర్తిగా పోవడం వేరు, వస్తూ పోతూ ఉండడం వేరు. కస్టమర్ రెండోది చెప్పినప్పుడు రీస్టార్ట్ చేయించే ముందు ఆ మోడెం సిగ్నల్ అంకెలు, దాని లాగ్ (జరిగినవన్నీ మోడెం రాసుకునే చిట్టా) చూడండి. చూసింది టికెట్‌లో రాయండి. ఆ తర్వాత రీస్టార్ట్ చేయించినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ముందే ఎందుకు చూడాలంటే, రీస్టార్ట్ చేసిన క్షణంలో సాక్ష్యం పోతుంది. మోడెం తనకు వచ్చిన డేటా ముక్కల్లో ఎన్నిటిని సరిదిద్దుకుందో, ఎన్నిటిని సరిదిద్దలేక వదిలేసిందో ఒక్కో ఛానెల్‌కి లెక్క రాసుకుంటుంది. మీ స్క్రీన్ మీద కరెక్టబుల్స్, అన్‌కరెక్టబుల్స్ అని ఉంటాయి చూడండి, అవి. కరెంటు తీసి పెట్టగానే ఆ లెక్కలు సున్నాకి వెళ్లిపోతాయి. కొన్ని మోడళ్లలో లాగ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. పైగా మోడెం మళ్లీ మొదటినుంచి ఛానెళ్లు వెతుక్కుని, పవర్ సర్దుకుని, అంతకుముందు చేజారిన ఛానెల్‌ని కూడా తిరిగి పట్టుకుంటుంది. దాంతో కాసేపు అంతా బాగానే ఉంటుంది. కస్టమర్ "వచ్చిందండీ, థాంక్యూ" అంటారు. మీరు టికెట్ మూసేస్తారు. సాయంత్రానికి నెట్ మళ్లీ పోతుంది. ఈసారి ఫోన్ ఎత్తేది వేరొకరు, కథ మళ్లీ మొదటినుంచి. రెండో కాల్ తీసుకున్న మనిషికి మొదటి కాల్ నుంచి మిగిలింది ఏమిటంటే, "మోడెం రీస్టార్ట్ చేయించాం, సమస్య తీరింది" అన్న ఒక్క లైను.

మీలో చాలామంది ఇళ్లకి ఇప్పుడు ఫైబరే వచ్చి ఉంటుంది. మన ఊళ్లలో ఫైబర్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగితే ఎక్కడో తీగ తెగిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడి కేబుల్ అలా కాదు. మీ కంపెనీ ఆఫీసు నుంచి వీధి దాకా ఫైబర్ వస్తుంది. అక్కడ నోడ్ అనే పెట్టె దగ్గర కాంతి నుంచి విద్యుత్ సిగ్నల్‌గా మారి, రాగి కేబుల్ మీద యాంప్లిఫయర్లు దాటుకుంటూ స్తంభం మీదికో, నేల మీది పచ్చ డబ్బాలోకో వస్తుంది. అక్కడి ట్యాప్ నుంచి ఒక్కో ఇంటికి ఒక్కో తీగ. ఇంటి బయట గోడకి, తీగని ఎర్త్‌కి కలిపే గ్రౌండ్ బ్లాక్, లోపల సిగ్నల్‌ని గదులకి పంచే స్ప్లిటర్, ఆ తర్వాత మోడెం. ఇన్ని అతుకుల్లో ఏ ఒక్కటి సగం చెడినా నెట్ ఠక్కున ఆగిపోదు. ఎండకి ఆగుతుంది, వానకి ఆగుతుంది, రాత్రి చల్లబడితే దానంతటదే వస్తుంది. ఎర్ర లైటు వెలగదు. వెలగని ఆ ఎర్ర లైటుకి బదులుగా ఉన్నవే ఈ అంకెలు.

అంకెలు కష్టమేమీ కావు. డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే ఇంటికొచ్చే సిగ్నల్ బలం, సున్నాకి అటూ ఇటూ 7 డీబీఎంవీ (ఆ బలాన్ని కొలిచే యూనిట్) లోపల ఉంటే నిశ్చింత. కేబుల్ నెట్‌కి ఉన్న డాక్సిస్ స్టాండర్డ్ మైనస్ 15 నుంచి ప్లస్ 15 దాకా ఒప్పుకుంటుంది, నిజమే. మీ టూల్‌లో అక్కడిదాకా పచ్చరంగే కనిపిస్తుండొచ్చు. కానీ అంచున ఉన్న ఇంటికి మధ్యాహ్నం ఎండలో రెండు మూడు డీబీ మారితే చాలు, పడిపోతుంది. కేబుల్ వేడెక్కితే సిగ్నల్ నష్టం పెరుగుతుంది, అది ఆ లోహం స్వభావం. అందుకని పచ్చగా ఉందని వదిలేయకుండా అంచుకి ఎంత దగ్గరలో ఉందో చూడండి. ఎస్‌ఎన్‌ఆర్, అంటే రొద కంటే సిగ్నల్ ఎంత పైన ఉందన్న అంకె, 256 క్వామ్ అనే పద్ధతిలో నడిచే ఛానెళ్ల మీద 33కి పైన ఉండాలి. ఛానెళ్లన్నీ 38 దగ్గర ఉండి, పక్కపక్కనే ఉన్న రెండు మూడు మాత్రం 29కో 30కో పడిపోయి ఉంటే, ఆ ఫ్రీక్వెన్సీలో ఏదో లోపలికి చొరబడుతోందని అర్థం. మొత్తం సగటు చూస్తే అది కనిపించదు. ఛానెల్ ఛానెల్ చూడాలి.

నేనైతే అన్నిటికంటే ముందు అప్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెం వెనక్కి పంపే సిగ్నల్ బలం, చూస్తాను. చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునేది దీన్నే. ఇక్కడ అంకె పెద్దదైతే సిగ్నల్ బాగుందని కాదు. వినికిడి తగ్గిన తాతగారితో మాట్లాడేటప్పుడు మనం గొంతు పెంచినట్టు, అవతల మీ కంపెనీ వైపు మోడెంలతో మాట్లాడే సీఎంటీఎస్ అనే యంత్రానికి తన మాట చేరక మోడెం గొంతు పెంచుతోందన్నమాట. 35 నుంచి 49 దాకా మామూలు. 50 దాటిందంటే దారిలో ఎక్కడో నష్టం ఉంది, ఇక పెంచడానికి మోడెం దగ్గర గొంతు కూడా మిగల్లేదు. ఉదయం 44 ఉన్నది మధ్యాహ్నానికి 52 అయితే మోడెం మార్చినా ఉపయోగం లేదు. తీగని చూడాలి.

ఇక లాగ్. అందులో టీ3, టీ4 అని వచ్చే వరుసలకి మీ ట్రైనింగ్‌లో ఎంత టైం ఇస్తారో గానీ, అసలు కథంతా వాటిలోనే ఉంటుంది. మోడెం ఎప్పటికప్పుడు సీఎంటీఎస్‌ని పలకరించి తన పవర్, టైమింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో కనుక్కుంటుంది. అడిగి 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. జవాబు రాకపోతే ఒక టీ3 రాసుకుని మళ్లీ అడుగుతుంది. వరసగా 16 సార్లు జవాబు రాకపోతే ఆ ఛానెల్ మీద ఆశ వదులుకుంటుంది. ఉన్న అప్‌స్ట్రీమ్ ఛానెళ్లన్నీ అలా పోతే మొత్తం మొదటినుంచి మొదలెడుతుంది. ఇంట్లోవాళ్లకి "నెట్ పోయింది" అనిపించేది అప్పుడే. టీ4 అయితే అడిగే వంతే 30 సెకన్లకు పైగా రాలేదని. రోజుకో టీ3 ఉంటే కంగారు పడక్కర్లేదు, ఏ ఇంట్లోనైనా ఉంటుంది. గుత్తులు గుత్తులుగా వస్తుంటే, అదీ రోజూ దాదాపు ఒకే వేళకి వస్తుంటే, అది జబ్బు.

లాగ్‌లో ఇంకొకటి చూడండి. మోడెంలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కొత్తగా లేచినప్పుడు నెట్‌వర్క్‌ని అడిగి టైం తెచ్చుకుంటుంది. అది వచ్చేలోపు రాసుకున్న వరుసలన్నిటికీ 1970 జనవరి 1 అని తేదీ పడుతుంది. కొన్ని మోడళ్లలో "టైం నాట్ ఎస్టాబ్లిష్డ్" అని పడుతుంది. కస్టమర్ "నేనసలు స్విచ్ ముట్టుకోలేదు" అంటున్నప్పుడు లాగ్ నిండా 1970 వరుసలు కనిపిస్తే మోడెం తనంతట తనే మళ్లీ మళ్లీ మొదలవుతోందని తెలుస్తుంది. ఇప్పుడు ఆ 1970 వరుసలకి సరిగ్గా ముందు ఏముందో చూడండి. టీ3ల గుత్తి ఉంటే సిగ్నల్ సమస్య. ఏమీ లేకుండా నిక్షేపంగా ఉండి ఒక్కసారిగా 1970కి దూకితే కరెంటు వైపు అనుమానించండి. అడాప్టర్ చెడిపోతూ ఉండొచ్చు, ప్లగ్గు వదులై ఉండొచ్చు, మూసిన అల్మారాలో మోడెం వేడెక్కి పడిపోతుండొచ్చు. ఫోన్ పెట్టకముందే రెండు దారుల్లో ఏదో తేల్చేయొచ్చు. ఒక దారిలో పాతిక డాలర్ల లోపు అడాప్టర్‌తో పోతుంది. రెండో దారిలో స్తంభం ఎక్కే మనిషి కావాలి.

మీకొచ్చే కాల్స్‌లో చాలావాటికి మోడెం కారణమే కాదని నాకు తెలుసు. మేడ మీద మూల గదిలో వైఫై అందకపోయినా జనం "నెట్ రావట్లేదు" అనే అంటారు. దానికీ రీస్టార్ట్ అక్కర్లేదు, ఒక ప్రశ్న చాలు: "నెట్ పోయినప్పుడు మోడెం మీద ఆన్‌లైన్ లైటు నిలకడగా ఉంటోందా, మిణుకుమంటోందా?" నిలకడగా ఉంటే వైఫై వైపు వెళ్లండి. మిణుకుమంటే కేబుల్ వైపు రండి. కస్టమర్ కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్లయితే ల్యాప్‌టాప్‌ని ఈథర్నెట్ తీగతో కలపమని చెప్పి, ఒక కిటికీలో 192.168.100.1కి (మోడెం సొంత చిరునామా), ఇంకో కిటికీలో 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) పింగ్, అంటే పలుకుతోందా అని అడిగే పరీక్ష, వదలమనండి. నెట్ పోయిన నిమిషంలో మొదటిది పలుకుతూ రెండోది ఆగిపోతే ఇంట్లో మోడెం దాకా అంతా బాగున్నట్టే, గొడవ మోడెం అవతల. రెండూ ఆగిపోతే గొడవ ఇంట్లోనే, లేదా మోడెం మొత్తంగా ఆగి లేస్తోంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్‌వాళ్లే. చెబితే చేస్తారు. చేసి స్క్రీన్‌షాట్ కూడా పంపుతారు. వాళ్లని "మీ మోడెం వెనకాల తెల్ల తీగ కనబడుతోందా అండీ" దగ్గర మొదలుపెట్టి అరగంట తిప్పడం వాళ్లకీ శిక్షే, మీకూ శిక్షే.

ఒక ఇంటి సంగతి చెబుతాను.

మా వీధి చివర్లో ఒక కుటుంబం. ఆ అమ్మాయి ఇంటినుంచే ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తుంది. రాజమండ్రి నుంచి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఆ వేసవి అక్కడే ఉన్నారు. మధ్యాహ్నం రెండు దాటిందంటే నెట్ పోయేది. సరిగ్గా ఆమె టీం కాల్ నడుస్తున్న వేళ. వాళ్ల నాన్నగారికి గుండె డాక్టర్‌తో వీడియో అపాయింట్‌మెంట్ మధ్యలో ఆగిపోయింది. మళ్లీ తేదీ దొరకడానికి వారాలు పట్టింది. కాల్ చేసిన ప్రతిసారీ రీస్టార్టే. తర్వాత మోడెం మార్చారు. కొత్త మోడెం కూడా మధ్యాహ్నం పడిపోయింది. రూటర్ మార్చుకోమన్నారు, సొంత డబ్బుతో మార్చుకుంది. ఒకసారి టెక్నీషియన్ని పంపారు. ఆయన పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. అంతా పచ్చగా ఉంది. "ఏ సమస్యా లేదు" అని రాసి వెళ్లాడు.

నేను వెళ్లి చూసినప్పుడు ఉదయం అప్‌స్ట్రీమ్ 46 ఉంది. మధ్యాహ్నం మళ్లీ చూస్తే 53. లాగ్‌లో టీ3లన్నీ మధ్యాహ్నానివే. ఆ రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి ప్రింట్ తీసి ఇచ్చాను. ఈసారి లైన్ పని చేసే పెద్దాయన ఒకరు వచ్చారు. ఆ కాగితం చూసి ఇంట్లోకి అడుగు కూడా పెట్టలేదు, నేరుగా పడమటి గోడ దగ్గరికి వెళ్లారు. గ్రౌండ్ బ్లాక్ మీది కనెక్టర్ని రెంచితో తిప్పి ఊడదీశారు. మరల మీద చిలుము పట్టి పచ్చటి పొడి. మధ్యలో మెరుస్తూ ఉండాల్సిన రాగి తీగ నల్లగా మాడినట్టు ఉంది. పై తొడుగు కొంచెం కోసి చూపించారు. లోపలి అల్లిక వెండిలా ఉండాల్సింది, బారెడు దూరం నల్లగా, చెమ్మగా ఉంది. చూరు దగ్గర తీగ వంగే చోట ఉడతలు కొరికిన గుర్తులు. వాన నీళ్లు అక్కడ దిగి, అల్లిక వెంట పాకుతూ కనెక్టర్ దాకా వచ్చాయి. పడమటి గోడకి మధ్యాహ్నం ఎండ తగలగానే ఆ చెడిన అతుకు వ్యాకోచించేది. అంతే. ట్యాప్ నుంచి గోడ దాకా కొత్త తీగ లాగారు. అప్‌స్ట్రీమ్ 41కి దిగింది. ఆ తర్వాత ఆ ఇంటి మోడెం లాగ్ చూస్తే రోజుల తరబడి ఒక్క కొత్త వరుస లేదు.

ఆ పెద్దాయన చేసింది మాయేమీ కాదు. ఉదయానికీ మధ్యాహ్నానికీ ఏడు డీబీ తేడా ఉందని ఆయన చేతిలో కాగితం ఉంది. ఆ కాగితం మొదటి కాల్ నాడే తయారవ్వాల్సింది. అది తయారు చేయడానికి కావలసిన అంకెలు మీ కంపెనీ సర్వర్లలో ఆ రోజూ ఉన్నాయి. ప్రతి మోడెం పవర్‌ని రోజంతా పదే పదే అడిగి దాచుకునే టూల్స్ ఏ పెద్ద కేబుల్ కంపెనీకైనా ఉంటాయి. మోడెం తనకు తాను సరిచేసుకునే ఈక్వలైజర్ విలువలు చదివి, తీగలో దెబ్బ సుమారుగా ఎంత దూరంలో ఉందో లెక్కకట్టే పద్ధతిని కేబుల్ కంపెనీల పరిశోధన సంస్థ కేబుల్‌ల్యాబ్స్ ఈ పరిశ్రమకి ఇచ్చి పదేళ్లు దాటింది. సీఎంటీఎస్‌లో పదే పదే పడిపోతున్న మోడెంల జాబితా ఉంటుంది, ఫ్లాప్ లిస్ట్ అంటారు. ఇవన్నీ ఇంజినీర్ల స్క్రీన్ల మీద ఉండి, ఫోన్ ఎత్తే మీ స్క్రీన్ మీద లేకపోతే అది మీ తప్పు కాదు. ఆ మాట మీ లీడ్‌లకి గట్టిగా వినపడాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంటి లోపలి వైపు కూడా చూసుకోవాల్సింది ఉంది, అది కస్టమర్ చేయాల్సిన పని. టెక్సస్‌లో గత ఇరవై పాతికేళ్లలో కట్టిన ఇళ్లలో లాండ్రీ గదిలోనో, బట్టల అల్మారాలోనో గోడలో ఒక ఇనుప పెట్టె ఉంటుంది. ఇంట్లోని ప్రతి గదికీ వెళ్లే టీవీ తీగలన్నీ అక్కడ ఒక్కచోట చేరతాయి. పాత యజమాని పెట్టిన ఎనిమిది దారుల స్ప్లిటర్ అందులో ఇంకా ఉంటుంది. ఎనిమిది గదుల్లో ఎవరూ కేబుల్ టీవీ చూడటం లేదు, అయినా మోడెంకి వెళ్లే సిగ్నల్ ఆ స్ప్లిటర్‌లో 11 డీబీ దాకా పోగొట్టుకుంటోంది. రెండు దారులదైతే మూడున్నర డీబీ పోతుంది. మూడు దారుల వాటిలో చాలావరకు ఒక దారికి మూడున్నర, మిగతా రెండిటికి ఏడు. బయటనుంచి వచ్చే తీగనీ మోడెం గదికి వెళ్లే తీగనీ చిన్న బ్యారెల్ ముక్కతో నేరుగా కలిపేయమని ఫోన్లో చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. కలిపిన రోజే అప్‌స్ట్రీమ్ దిగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. స్ప్లిటర్ తప్పదనుకుంటే వాడని దారులకి 75 ఓమ్‌ల టెర్మినేటర్లు బిగించాలి, లేకపోతే తెరిచి ఉన్న ప్రతి దారీ గాల్లోని రొదని లోపలికి లాగుతుంది. పాతకాలం టీవీ యాంప్లిఫయర్ కనబడితే తీసేయమనండి. వాటిలో కొన్ని వెనక్కి వెళ్లే సిగ్నల్‌ని అసలు దాటనివ్వవు. కనెక్టర్లు చేత్తో బిగించాక రెంచితో ఇంకొక్క చిన్న మలుపు తిప్పమనండి, విరగ్గొట్టేంత కాదు.

ఆ రొద సంగతి కొంచెం విప్పి చెప్పాలి. మీ స్క్రిప్ట్‌లో ఎక్కడా దాని ఊసు కనబడదు. అమెరికాలో చాలాచోట్ల ఇప్పటికీ ఇంటినుంచి వెనక్కి వెళ్లే సిగ్నల్ 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. షార్ట్‌వేవ్ రేడియో అక్కడే, లారీ డ్రైవర్ల సీబీ రేడియో 27 దగ్గర అక్కడే, చెడిన మోటార్లూ చవక ఛార్జర్లూ చేసే రొద అక్కడే. ఒక నోడ్ కింద వందల ఇళ్లు ఉంటే ప్రతి ఇంటి రొదా కలిసి ఒకే దారిలో పైకి వెళ్తుంది. ఎవరింట్లోనో ఒక కనెక్టర్ వదులైతే నా ఇంట్లో నెట్ పోవచ్చు. అప్పుడు నా మోడెంని వెయ్యిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. అందుకే కస్టమర్ నుంచి "వస్తూ పోతూ ఉంది" అన్న మాట రాగానే అదే నోడ్ మీద, వీలైతే అదే ట్యాప్ మీద ఉన్న పక్క ఇళ్ల మోడెంలు ఎలా ఉన్నాయో చూసే వీలు మీకుండాలి. నాలుగిళ్లు ఒకే వేళకి పడిపోతుంటే ఒక ఇంటికి టెక్నీషియన్ని పంపి ప్రయోజనం లేదు, లైన్ మెయింటెనెన్స్‌కి పంపాలి. రొద లోపలికొచ్చే కంతలోంచే సిగ్నల్ బయటికీ పోతుంది. అలా కారే సిగ్నల్ 108 నుంచి 137, 225 నుంచి 400 మెగాహెర్ట్జ్‌ల దగ్గర విమానాల రేడియోకి అడ్డం పడుతుందని అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కేబుల్ కంపెనీలకి లీకేజీ పరిమితులు పెట్టింది, ఎప్పటికప్పుడు కొలుచుకోమంది. విమానాల కోసం కంతలు వెతికే బళ్లు మీ కంపెనీకి ఎలాగూ ఉంటాయి. అవి చూసినదాన్నీ కస్టమర్ ఫిర్యాదునీ ఒకే మ్యాప్ మీద పెట్టమని మీ పైవాళ్లని అడుగుతున్నాను.

ఇంకో చిన్న విషయం. "మోడెం ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోండి" అని కస్టమర్‌కి దయచేసి చెప్పకండి. కేబుల్ మోడెం సొంతంగా కొనుక్కున్నదైనా ఫర్మ్‌వేర్ వచ్చేది మీ కంపెనీ తీగలోంచే, ఇంట్లోవాళ్ల చేతిలో ఏమీ లేదు. 2016 చివర్లో ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్న మోడెంలలో ఉన్నట్టుండి జాప్యం ఎగబాకుతోందని బయటపడ్డప్పుడు కూడా సవరణ తయారయ్యాక అది ఇళ్లకి చేరాల్సింది కంపెనీల ద్వారానే. జనం మాత్రం తమ మోడెం పేజీలో లేని బటన్ కోసం వెతుక్కున్నారు.

టెక్నీషియన్ విజిట్ బుక్ చేసేటప్పుడు ఒక మాట తప్పకుండా చదవాలని మీకు రూలు ఉందని విన్నాను: సమస్య ఇంటి లోపల ఉంటే ఛార్జీ పడుతుందని. నిజం చెప్పాలి కాబట్టి చెప్పండి. కానీ అంకెలేవీ చూడకుండా ఆ మాట చెబితే, ముఖ్యంగా పెద్దవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు భయపడి "వద్దులెండి, సర్దుకుంటాం" అని ఫోన్ పెట్టేస్తున్నారు. పిల్లల మనబడి తెలుగు క్లాసు మధ్యలో ఆగిపోతున్నా, ఇండియాలో అమ్మానాన్నలతో వీడియో కాల్ తెగిపోతున్నా ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొస్తున్న ఇళ్లు నాకు తెలుసు. నెల నెలా బిల్లు మాత్రం పూర్తిగా కడుతున్నారు. అప్‌స్ట్రీమ్ 53 ఉండి, పక్క ఇంట్లో కూడా అలాగే ఉంటే, "ఇది బయటి సమస్యలా ఉందండీ, మీకు ఛార్జీ పడే అవకాశం తక్కువ" అని చెప్పే హక్కు మీకుండాలి. విజిట్ కూడా సమస్య వచ్చే వేళకే పెట్టాలి. మధ్యాహ్నం పడిపోయే ఇంటికి పొద్దున మనిషిని పంపడం వల్ల ఇటు కస్టమర్‌కి ఒక పూట సెలవు పోతుంది, అటు మీకు ఒక ట్రిప్పు వృథా, పైగా రికార్డులో "సమస్య లేదు" అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర పడ్డాక తర్వాతి టెక్నీషియన్ కూడా సగం నమ్మకంతోనే వస్తాడు.

చివరికి విసిగినవాళ్లు ఎఫ్‌సీసీకి ఫిర్యాదు పెడుతున్నారు. అది ఉచితం, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని, కంపెనీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఫిర్యాదు చేరాక కంపెనీ పెద్దాఫీసు నుంచి ఒకరు ఫోన్ చేసి, లాగ్ చదివి, లైన్ మనిషిని పంపుతారు. అంటే అక్కడ కూడా జరిగేది ఇదే. మోడెం అంకెలు చూస్తారు, సరైన మనిషిని పంపుతారు. మొదటి కాల్‌లో జరగాల్సింది ప్రభుత్వం దాకా వెళ్లొచ్చాక జరుగుతోంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను కూడా ఆ దారి చెబుతున్నాను, చెబుతూనే ఉంటాను. అది చెప్పాల్సిన అవసరం రాకుండా చేయగలిగిన మొదటి మనుషులు మీరే.

లీడ్‌లకు, స్క్రిప్ట్ రాసేవాళ్లకు వేరుగా ఒక మాట. మా చెల్లెలి కొడుకు ఇలాంటి ఉద్యోగంలోనే రెండేళ్లు చేశాడు. ఏహెచ్‌టీ (ఒక్కో కాల్‌కి పట్టే సగటు టైం) అన్న మాటకి వాడి ముఖంలో ఎంత దిగులు కనిపించేదో నాకు తెలుసు. కాల్ పొడుగైతే స్కోరు తగ్గుతుంది, స్కోరు తగ్గితే ఇన్సెంటివ్ పోతుంది. ఆ లెక్కలో కూర్చున్న పిల్లాడు లాగ్ చదవడు, చదవలేడు. వాడికి దొరికే అతి తొందర దారి రీస్టార్టే. కాబట్టి తమ్ముళ్లని కోప్పడి లాభం లేదు, కొలత మార్చండి. ఒకే ఇంటినుంచి నెలలో వచ్చిన కాల్స్ అన్నిటినీ కలిపి ఒకటిగా లెక్కపెట్టండి. ఎనిమిది నిమిషాల కాల్స్ ఆరింటి కంటే ఇరవై నిమిషాల కాల్ ఒకటి మేలని ఆ లెక్క దానంతటదే చూపిస్తుంది. "వస్తూ పోతూ ఉంది" అన్న ఫిర్యాదుకి వేరే స్క్రిప్ట్ పెట్టండి, అందులో రీస్టార్ట్‌ని మొదటి మెట్టు మీంచి కిందికి దించండి. ఏజెంట్ స్క్రీన్ మీద గత వారం రోజుల అప్‌స్ట్రీమ్ గీతని చూపించండి. గీత రోజూ మధ్యాహ్నం ఎగబాకుతుంటే, కేబుల్ గురించి ఓనమాలు తెలియని కొత్త అమ్మాయి కూడా మొదటి వారంలోనే పట్టేస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మార్పులన్నీ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ రాత్రి షిఫ్టులో "నెట్ ఊరికే పోతోంది" అన్న కాల్ వచ్చినప్పుడు మీ టూల్‌లో ఉన్నంతవరకు చూసి టికెట్‌లో నాలుగు ముక్కలు రాయండి: ఏ వేళకి పోతోంది, అప్పుడు అప్‌స్ట్రీమ్ ఎంత, ఏ ఛానెళ్ల మీద అన్‌కరెక్టబుల్స్ ఉన్నాయి, లాగ్‌లో 1970కి ముందు ఏముంది. ఆ తర్వాతే రీస్టార్ట్. మీ స్క్రీన్ మీద కనబడనిది ఏదైనా ఉంటే అది కనబడటం లేదని కూడా అదే టికెట్‌లో రాయండి. ఆ మాట అన్ని టికెట్లలోనూ కనిపిస్తే మీ లీడ్‌కి పైవాళ్లని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇట్లు,
డాలస్ శివార్ల నుంచి,
మీ కస్టమర్లకి పొరుగున ఉండే ఒక తెలుగువాడు